బరువు చెప్పని గొంతు

ఇంట్లో గుసగుసలాడి, గడప దాటితే కొండలు దద్దరిల్లేలా అరిచే మనిషిని మీరెక్కడైనా చూశారా? కనుమ మీది గుడిసెలో ఉండే కేకలక్క అచ్చం అలాంటి మనిషే. అరవడం ఆమె ఉద్యోగం. ఉద్యోగానికి పనికొచ్చే గొంతును ఇంటిపనులకు ఖర్చు పెట్టడం ఆమెకు సుతరామూ ఇష్టం లేదు. "అత్తయ్యా, ఆ గిన్నె ఇటివ్వండి" అన్నా ఏదో రహస్యం చెబుతున్నట్టే ఉండేది. మెడకు ఎప్పుడూ ఒక ఉన్నిగుడ్డ చుట్టుకునేది. చన్నీళ్లు ముట్టేది కాదు. పొద్దునా సాయంత్రం ఉప్పు వేసిన వేన్నీళ్లు పుక్కిలించేది.

"దీని గుసగుసలు వినీ వినీ నా చెవులు తుప్పు పట్టిపోయాయి. నా మీద ఎవరితోనో కుట్ర చేస్తున్నట్టే ఉంటుంది" అని ఆమె అత్త వచ్చేపోయేవాళ్లందరికీ చెప్పుకునేది. ఆ అత్తగారు తక్కువ తిన్న మనిషేమీ కాదు. కోడలికి ముందు ఆ ఉద్యోగం చేసింది ఆవిడే. గొంతు పోయాక పొయ్యి పక్కన పీట వేసుకుని కూర్చుని, మేజోళ్లు అల్లుకుంటూ, అరవడం తప్ప మిగతా పెత్తనమంతా తన దగ్గరే ఉంచుకుంది. పొయ్యిలో కట్టె ఎటు తిప్పాలో కూడా ఆవిడే చెప్పాలి.

ఈ అరుపుల ఉద్యోగమేమిటో తెలియాలంటే ముందు ఆ కొండల సంగతి తెలియాలి. కాస్త ఓపిక పట్టండి. గుడిసెకు ఒక పక్క బోడిగుండు, ఇంకో పక్క ముసుగుకొండ. బోడిగుండు మీద గడ్డిపోచ మొలవదు. ముసుగుకొండ తల ఏడాది పొడుగునా మబ్బులోనే ఉంటుంది. ఆ రెండింటి మధ్య, ఎత్తున, ఒక విశాలమైన చదును. ముసుగుకొండ మీది మంచు కరిగి పుట్టిన వాగు ఆ చదునుకు అడ్డంగా పారుతుంది. అవతలి లోయలోంచి ఎక్కివచ్చేవాళ్లు రాళ్ల మీద కాళ్లు వేసి ఆ వాగు దాటాలి. దాటి తిన్నగా నడిస్తే గుడిసె, గుడిసె వెనకే కనుమ, కనుమ దిగితే ఊరు. ఎండ కాసే రోజున చంటిపిల్ల కూడా దారి తప్పదు.

కానీ ముసుగుకొండ తన ముసుగు తీసి ఆ చదును మీద పరిచిందా, ఇక అంతే సంగతులు. పట్టపగలే ఏమీ కనపడదు. చీకటైతే దీపం పెట్టుకోవచ్చు, ఆ తెలుపులో దీపం కూడా ఆనదు. చాచిన చెయ్యి మణికట్టు దగ్గరే మాయమైపోతుంది. వాగు చప్పుడు ఒక్కటే దిక్కు. నీళ్లు ఎటు పోతే ఊరు అటే ఉంటుంది కదా అనుకుంటాడు మనిషి. ఏ కొండ దగ్గరైనా ఆ లెక్క సరిపోతుంది, ఇక్కడ మాత్రం కొంప ముంచుతుంది. ఎందుకంటే ఆ వాగు కనుమ వైపు రాదు. బోడిగుండు పక్కన కనుమలాగే కనిపించే ఇంకో సందు ఉంది, అందులోకి పోతుంది. కాస్త దూరం పోయాక అక్కడ నేల తెగిపోతుంది. వాగు అక్కణ్నుంచి కిందికి దూకుతుంది. నీళ్లను నమ్ముకుని వెంట పోయినవాళ్లు నీళ్లతో పాటే దూకారు. దాన్ని దొంగసందు అంటారు.

అందుకే గుడిసెలో ఒక మనిషి ఉండాలి. పొగమంచులో వాగు దాటినవాడు కేక పెడతాడు. గుడిసె మెట్టు మీద నిలబడి కేకలక్క "ఇటూ... ఇటిటూ..." అని బదులు పలుకుతుంది. వాడు ఆ గొంతు పట్టుకుని నడిచి వస్తాడు. గడపలో కాలు పెట్టేదాకా ఆమె ఆపకూడదు. ఒక గంట కట్టేస్తే ఈ గొడవంతా ఎందుకు అంటారేమో. కట్టి చూశారు. ఆ గంట మోతను బోడిగుండు అందుకుని దొంగసందులోంచి తిరిగి వినిపించింది. మనిషి గొంతుతో మాత్రం ఎందుకనో ఆ ఆట ఆడదు.

ఇక అసలు నియమం చెబుతాను. వాగు దాటినవాడు తన పేరు చెప్పకూడదు, ఊరు చెప్పకూడదు. వీపు మీద ఏం మోస్తున్నాడో అది అరవాలి. "ఉప్పూ!" అంటే ఉప్పు వర్తకుడు వస్తున్నాడన్నమాట. "పలకలూ!" అంటే బడి పంతులు. గాజుసామాన్ల మనిషి "సీసాలూ! మెల్లిగా పిలవండమ్మా, పగిలిపోతాయ్!" అని అరిచి నవ్వించేవాడు. ఒకసారి ఒకాయన కాలు విరిగిన అత్తగారిని వీపున వేసుకుని వస్తూ "అత్తగారూ!" అని కేక పెడితే, పైనున్న ఆవిడ ఊరుకోక "నేనేమంత బరువు లేనూ!" అని ఇంకా గట్టిగా అరిచిందట. ఉత్తచేతులతో వచ్చేవాళ్లు వాగులోంచి ఒక రాయి తీసి భుజాన పెట్టుకుని "రాయీ!" అనాలి. అలా వచ్చిన రాళ్లు గుడిసె పక్కన గుట్టగా పడి ఉన్నాయి.

ఎందుకీ నియమమంతా? దొంగసందులో పడ్డవాళ్లు పొగమంచులో లేచి తిరుగుతారని అక్కడివాళ్ల నమ్మకం. వాళ్లూ పిలుస్తారు. మనవాళ్ల గొంతుతోనే పిలుస్తారు. కానీ వాళ్ల వీపు మీద ఏమీ ఉండదు కాబట్టి ఏం మోస్తున్నారో చెప్పలేరు. చచ్చినవాళ్లకు బరువు లేదు. బరువు చెప్పని గొంతుకు పలికితే అది మన గొంతు పట్టుకుని ఇంట్లోకి వచ్చేస్తుంది. కేకలక్క అత్తకు అత్తగారి కాలంలో గుడిసెలో ఉన్న ఒకావిడ ఇలాగే ఆగలేక పలికిందట. మర్నాడు జనం వెళ్లి చూస్తే తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి, పొయ్యి మీద నీళ్లు మరుగుతున్నాయి, మనిషి లేదు. ఇప్పటికీ లేదు.

ఈ నియమం ఆ ఇంట్లోంచి ఒక మనిషిని పట్టుకుపోయింది. కేకలక్క మొగుడు బరువులు మోసేవాడు. కూతురు ఇంకా ఒళ్లో పిల్లగా ఉన్నప్పుడు ఒక రోజు పిండిబస్తా తేవడానికి అవతలి లోయకు వెళ్లాడు. మధ్యాహ్నానికి పొగమంచు దిగింది. అత్తాకోడళ్లిద్దరూ మెట్టు మీద నిలబడి "పిండీ" అన్న కేక కోసం చెవులు రిక్కించి ఎదురుచూశారు. చాలాసేపటికి వాగు వైపునుంచి గొంతు వచ్చింది.

"అమ్మా!"

కోడలు ఊపిరి పీల్చుకుని నోరు తెరిచేలోపు అత్త అరచెయ్యి వచ్చి ఆ నోటికి అడ్డం పడింది.

"బరువు చెప్పలేదే" అంది అత్త.

కోడలు ఆ చెయ్యి లాగేసుకుంటూ "మీ అబ్బాయి గొంతే అత్తయ్యా! మీకు తెలియట్లేదా?" అంది.

"తెలియకపోవడమేంటే, కన్నదాన్ని. గొంతు వాడిదే. వాడు కాదు."

ఆ మాట అంటూ ముసలావిడ ఏడుస్తూనే ఉంది, చెయ్యి మాత్రం తియ్యలేదు. కోడలికి అప్పుడు చిన్న వయసు, ఆ ఇంట్లో అత్త మాటకు ఎదురు లేదు. గొంతు మళ్లీ మళ్లీ పిలిచింది. "అమ్మా" తప్ప ఇంకో మాట అనలేదు. కాసేపటికి ఆగిపోయింది.

మర్నాడు వెతికినవాళ్లకు పిండిబస్తా వాగు దాటే చోట రాళ్ల మధ్య ఇరుక్కుని కనిపించింది. మనిషి దొంగసందు కింద దొరికాడు. కాలు జారి రేవులోనే ప్రాణం పోయింది, నీళ్లు శవాన్ని ఈడ్చుకుపోయాయి, పిలిచింది ఆ తర్వాతే అని పెద్దలందరూ తేల్చేశారు. బస్తా అక్కడే ఉంది కదా మరి, ఇంకేం కావాలి? కన్నకొడుకు గొంతుకు కూడా లొంగలేదంటే ఆవిడ గుండె ధైర్యమే ధైర్యమని కనుమకు రెండు పక్కలా చెప్పుకున్నారు. ఆ పొగడ్తలు విని ముసలావిడ తల ఊపేది. కానీ ఆ రోజు తర్వాత ఆవిడ గొంతు పెగలలేదు. మెట్టెక్కి నోరు తెరిస్తే గాలి తప్ప ఇంకేమీ వచ్చేది కాదు. ఉద్యోగం కోడలికి వచ్చింది.

అప్పటినుంచి పొగమంచు దిగిన ప్రతిసారీ అతను వస్తూనే ఉన్నాడు. వాగు వైపునుంచి, మెల్లిగా, పక్కింట్లోంచి పిలిచినట్టు, "అమ్మా" అని. మొదట్లో ఇద్దరూ చెవుల్లో గుడ్డలు కుక్కుకుని మూలన కూర్చునేవాళ్లు. ఎంత భయమైనా రోజూ భయపడితే పని జరగదు కదా. తర్వాత్తర్వాత ముసలావిడ అల్లిక ఆపకుండానే "వచ్చాడు" అనేది. కోడలు పొయ్యిలో ఇంకో కట్టె పెట్టేది. ఉప్పు వర్తకుడు మెట్టెక్కుతూ "ఎవరో పిలుస్తున్నట్టుంది అక్కా" అంటే "నువ్వు లోపలికి రా బాబూ" అనేది. పిల్ల ఆ గొంతు వింటూనే పెరిగింది. పిల్లిని భుజానేసుకుని "పిల్లీ!" అని అరుచుకుంటూ గుడిసె చుట్టూ తిరిగేది. నాన్న పిలిచినప్పుడు మాత్రం ఆట ఆపి, అమ్మ కొంగు పట్టుకుని, "నాన్నకి ఒక రాయి ఇచ్చి రావచ్చు కదమ్మా, అప్పుడు చెబుతాడుగా" అని అడిగేది.

ఆ పిల్ల పెద్దదై, అవతలి లోయలో ఒక దర్జీ కొట్లో పని నేర్చుకుంది. గుండీలు కుట్టడం దగ్గర మొదలుపెట్టి కోట్లు కత్తిరించేదాకా వచ్చింది. తిరిగి వచ్చేస్తున్నానని నూనె వర్తకుడితో కబురు పంపింది. ఆ పెద్దమనిషి లోపలికొచ్చి, పొయ్యి దగ్గర చేతులు కాచుకుంటూ, "రేపో ఎల్లుండో బయల్దేరుతుందట. చేతిమిషను కొనుక్కుంది, కొత్తది. ఈసారి నేనేం అరుస్తానో చెవులొగ్గి వినమని చెప్పమంది మీ ఇద్దరికీ" అన్నాడు. కేకలక్కకు కడుపు నిండిపోయింది. పైకి మాత్రం "కుట్టుమిషనా! దాని నడుం విరగదూ?" అని గుసగుసగా విసుక్కుంది. ముసలావిడ ఇంకో అడుగు ముందుకు వేసి, మిషను ఏ కిటికీ దగ్గర పెట్టాలో అప్పుడే తేల్చేసింది.

ఆ రోజు పొద్దున ఎండ బాగానే కాసింది. మధ్యాహ్నం కేకలక్క తాడు మీద ఆరేసిన కంబళ్లు తీస్తుంటే ముందు బోడిగుండు పోయింది, ఆ తర్వాత రాళ్లగుట్ట పోయింది, చూస్తుండగానే చేతిలో ఉన్న కంబళి రెండో కొస కనపడకుండా పోయింది. కంబళ్లు ఎక్కడివక్కడ వదిలేసి మెట్టెక్కింది.

మొదట "ఉన్నీ!" అని కేక వినపడింది. ఆమె పిలిచింది. ఉన్ని వర్తకుడు గొంతు పట్టుకుని వచ్చి, గడపలో మూట దించాడు.

"మా పిల్ల కనపడిందా బాబూ?"

"నా వెనకే ఎక్కుతోంది అక్కా. ఆ మిషనుతో ఆగి ఆగి వస్తోంది. ఇటివ్వు తల్లీ, నేను మోస్తానంటే ఇస్తేనా? 'నేను మిషనని అరవాలి, నువ్వు ఉన్నీ అని అరుచుకో పో' అంది. గడుసుది."

అతను వేడినీళ్లు తాగి, వెలుతురుండగానే ఊరు చేరాలని కనుమ దిగి వెళ్లిపోయాడు. కేకలక్క మళ్లీ మెట్టు మీదికి వచ్చింది. ఎదురుగా తెల్లగోడ. వాగు చప్పుడు ముందునుంచి వస్తోందో వెనకనుంచి వస్తోందో తెలియడం లేదు. ఎంతసేపు నిలబడ్డా మిషనన్న కేక రాలేదు.

"అమ్మా."

మగగొంతు. ఎప్పుడూ వచ్చేదే. లోపల్నుంచి ముసలావిడ "వచ్చాడు" అంది, అల్లిక ఆపకుండా.

కాసేపటికి ఇంకో గొంతు వచ్చింది. ఇది సన్నగా ఉంది.

"అమ్మా..."

ఆ గొంతును కేకలక్క లక్షమందిలో ఉన్నా గుర్తుపడుతుంది. చెప్పవే, చెప్పు, మిషనని చెప్పు అని లోపల్లోపలే వేడుకుంది. పైకి అడగడానికి వీల్లేదు, అడిగినా పలికినట్టే లెక్క. ఆ నియమంలో పుట్టి పెరిగిన పిల్ల అది. నడక రాకముందే బరువు చెప్పడం వచ్చిన పిల్ల. అందులోనూ ఏం అరుస్తానో వినమని కబురు పంపిన పిల్ల. అలాంటిది చెప్పడం లేదంటే...

"అమ్మా..."

అల్లిక సూదులు కింద పడ్డ చప్పుడైంది. ముసలావిడ గోడ పట్టుకుని మెట్టు దాకా వచ్చింది. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

"బరువు చెప్పలేదు" అంది ముసలావిడ.

"పిల్లది అత్తయ్యా."

"గొంతు పిల్లదే."

"నేను పిలుస్తా."

"వద్దే. నా మాట విను. అది పోయిందే తల్లీ. పోయింది కాబట్టే చెప్పలేకపోతోంది. ఇప్పుడు పలికావంటే వాకిట్లోకి వచ్చేది మన పిల్ల కాదు."

"ఏదైతే అదే రానివ్వండి."

"నా కొడుక్కే పలకలేదు నేను!" ముసలావిడ పోయిన గొంతుతోనే అరిచింది. "కన్నకొడుకు! వాడు అంతసేపు పిలిస్తే రాయిలా నిలబడ్డా. నువ్వు ఇవాళ నీ కూతురికి పలుకుతావా? అయితే నేనెందుకు ఊరుకున్నట్టు? చెప్పు!"

ఆవిడ చెయ్యి లేచి కోడలి నోటికి అడ్డం పడింది. ముసలిదైనా ఆ చేతిలో ఎక్కడలేని బలం ఉంది. కేకలక్క ఒక్క క్షణం ఆగింది. భయమంటే ఏమిటో ఆమెకు ఆ క్షణంలో పూర్తిగా తెలిసింది. పలికితే కూతురి మొహంతో ఏం వస్తుందో తెలియదు. పలకకపోతే, ఒకవేళ అక్కడున్నది ప్రాణంతో ఉన్న పిల్లే అయితే, ఆ తెలుపులో అది ఎటు పోతుందో తెలుసు. ఆమె ఆ చేతిని కసుక్కున కొరికింది.

"ఇటూ! ఇటూ తల్లీ! ఇటూ...!"

అంత కేక ఆమె ఎప్పుడూ పెట్టలేదు. కొండలు ఒక్కసారి నోరు మూసుకున్నట్టయింది. ఆ తర్వాత "అమ్మా" అని వినపడింది, ఇందాకటి కంటే దగ్గరగా. మళ్లీ పిలిచింది. ఆమె కేకకు ఈసారి రెండు గొంతులూ ఒకేసారి పలికాయి, మగదీ ఆడదీ, రెండూ దగ్గరగానే. ఇన్నేళ్లలో ఆ మగగొంతు వాగు గట్టు దాటి ఇవతలికి రాలేదు. ఇప్పుడు ఒక్కో కేకకూ రెండూ కలిసి నడుస్తున్నాయి. ఆపితే పిల్ల ఆగిపోతుంది. ఆపకపోతే రెండూ వస్తాయి. ముసలావిడ కొరికిన చేతిని ఇంకో చేత్తో పట్టుకుని తలుపుకు ఆనుకుని నిలబడింది, కళ్లు గట్టిగా మూసుకుని.

కేకలక్క ఆపలేదు. గొంతు బొంగురుపోయింది, నోట్లో నెత్తురు రుచి తగిలింది, అయినా ఆపలేదు. తెలుపులో ఒకచోట కాస్త నల్లబడింది. ఆ నలుపు ఊగుతూ దగ్గరికి వచ్చింది. జుట్టులోంచి నీళ్లు కారుతున్నాయి. ఒక కాలికే చెప్పు ఉంది. పెదాలు నీలంగా ఉన్నాయి, కళ్లు తెరిచే ఉన్నా దేన్నీ చూడడం లేదు. వీపు మీద ఏమీ లేదు. ఆ ఆకారం "అమ్మా" అంటూ గడప మీద కూలబడింది.

కేకలక్క దాన్ని పట్టుకోవడానికి చేతులు చాచి, ఒక్క క్షణం అలాగే ఆగిపోయింది. నిజం చెప్పాలంటే ముట్టుకోవడానికి భయపడింది. కన్నతల్లి అయివుండీ భయపడింది. ఆ తర్వాత ముట్టుకుంది. ఒళ్లు మంచుగడ్డలా ఉంది, కానీ వణుకుతోంది, పళ్లు టకటకా కొట్టుకుంటున్నాయి.

"వణుకుతోంది అత్తయ్యా!" అంది. ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. "వణుకుతోంది, చూడండి! రండి, పట్టండి!"

తడిబట్టలు విప్పి, ఇంట్లో ఉన్న కంబళ్లన్నీ చుట్టి, పొయ్యికి చేరవేశారు. చక్కెర కలిపిన వేడినీళ్లు చెంచాతో పట్టించారు. చాలాసేపటికి పిల్ల కళ్లలోకి చూపు వచ్చింది. తల్లిని చూసి, మొహం ముడుచుకుని, భోరుమంది.

"మిషను పోయిందమ్మా!"

"పోతే పోయింది, నా బంగారం! నువ్వొచ్చావు, చాలు."

"కొత్తదమ్మా. నూనె కూడా వేసి తెచ్చా. వాగులో రాయి మీద కాలు జారింది. మిషను నన్ను కిందికి లాగేస్తుంటే పట్టీ విప్పేశాను. లేకపోతే నేనూ పోయేదాన్నే."

ముసలావిడ పొయ్యికి అవతల నిలబడి ఉంది. ఇప్పుడు మెల్లిగా వచ్చి, పిల్ల కాళ్ల దగ్గర కూర్చుని, ఆ పాదాలు చేతుల్లోకి తీసుకుని రుద్దడం మొదలుపెట్టింది.

"రేవులో పడ్డావా?" అంది.

"అవును నాయనమ్మా."

"పడి, లేచావా?"

"లేచా. గట్టెక్కా."

"మరి గట్టెక్కాక బరువెందుకు చెప్పలేదే? నీకు తెలీదూ? కనీసం రాయని అనకూడదూ?"

"చెబుదామనే అనుకున్నా నాయనమ్మా. నోరు తిరగలేదు. ఒళ్లంతా కొయ్యబారిపోయింది. ఏం అనాలో కూడా గుర్తు రాలేదు, ఎంత అనుకున్నా అమ్మా అనే వచ్చింది. ఆ ఒక్క మాటే వచ్చింది."

ముసలావిడ చేతులు ఆగాయి. మళ్లీ రుద్దాయి. పాదాల కేసే చూస్తూ అడిగింది.

"ఎవరూ పలక్కపోతే ఏం చేసేదానివి?"

పిల్లకు ఆ ప్రశ్న ఎందుకో అర్థం కాలేదు. ఉన్నదున్నట్టు చెప్పింది. "ఏం చేస్తా? ఎంత పిలిచినా ఎవరూ లేరనిపించింది. వాగు చప్పుడొక్కటే వినపడుతోంది. ఇక ఆ నీళ్ల వెంటే పోదామని అటు తిరిగా నాయనమ్మా. నడుస్తున్నా కూడా. అప్పుడు వినపడింది అమ్మ కేక."

కేకలక్క చేతిలో చెంచా అలాగే ఉండిపోయింది. ఆమెకు ముందు అర్థం కాలేదు, తర్వాత ఒక్కసారిగా అంతా అర్థమైంది.

"బస్తా రేవులో దొరికింది" అంది ముసలావిడ, ఎవరితోనూ కాకుండా. "బస్తా రేవులోనే వదిలేశాడు. లేచాడు. గట్టెక్కాడు."

"అత్తయ్యా, ఇప్పుడవన్నీ..."

"అంతసేపు పిలిచాడు కదే. నేను విన్నాను కదే. ప్రాణంతోనే ఉన్నాడు. నేను పలకలేదని నీళ్ల వెంట పోయాడు."

కేకలక్కకు ఆ ముసలిదాన్ని చంపేయాలనిపించింది. ఇన్నేళ్లుగా, లోపలెక్కడో, ఆవిడ నోటినుంచి ఆ మాట వినాలని తనకు ఉందని కూడా అప్పుడే తెలిసింది. విన్నాక సంతోషమేమీ కలగలేదు. ఎదురుగా కూర్చున్నది ఒక బక్కచిక్కిన ముసలిది, చేతి మీద తన పళ్ల గాట్లతో, మనవరాలి పాదాలు పట్టుకుని, కన్నీళ్లు కూడా రాక నోరు తెరుచుకుని ఉంది. కోపం ఎక్కడ పెట్టాలో తెలియక కేకలక్క చెంచా కింద పడేసి ఏడ్చింది.

బయట, కేకలు ఆగినప్పుడు ఎక్కడ ఆగిందో అక్కణ్నుంచే, గుడిసెకు ఇంకా దూరంలోనే, మగగొంతు మళ్లీ వచ్చింది.

"అమ్మా."

ముసలావిడ లేచింది. గోడ పట్టుకోలేదు. తిన్నగా నడిచి వెళ్లి తలుపు తీసి, మెట్టు మీద నిలబడింది. నోరు తెరిచింది. గాలి వచ్చింది. దగ్గింది. మళ్లీ తెరిచింది. ఈసారి ఏదో గీచుకున్నట్టు చిన్న చప్పుడు వచ్చింది.

"ఇటు... ఇటు రారా. ఇక్కడే ఉన్నాను రా, నాయనా. ఇక్కడే ఉన్నాను."

ఆ గొంతు రాళ్లగుట్ట దాకా కూడా పోదు. ఆ సంగతి ఆవిడకూ తెలుసు. వెనక్కి తిరిగి కోడలి కేసి చూసింది. పుట్టి బుద్ధెరిగాక ఆ మనిషి ఎవరినీ ఏదీ అడిగి ఎరగదు, ఇప్పుడూ నోరు తెరిచి అడగలేదు. కేకలక్క లేచి వచ్చి ఆవిడ పక్కన నిలబడింది. భయం పోలేదు. ఆ తెలుపులోంచి ఏం వస్తుందో ఆమెకు ఇప్పటికీ తెలియదు. తెలిసిందల్లా ఒక్కటే, అతను పిలిచిన రోజున తాము పలకవలసింది, పలకలేదు. బొంగురుపోయిన గొంతులో మిగిలిందంతా కూడదీసుకుని పిలిచింది.

"ఇటూ... ఇటిటూ...!"

"అమ్మా" అని గుట్ట దగ్గర వినపడింది. అడుగుల చప్పుడు లేదు. మళ్లీ పిలిచింది. తాడు మీది కంబళ్ల దగ్గర వినపడింది. కంబళ్లు కదల్లేదు. మళ్లీ పిలిచింది. ఈసారి మెట్టు కింద, చెయ్యి చాస్తే అందేంత దగ్గర, చాలా అలిసిపోయిన మనిషి అన్నట్టు వినపడింది. అక్కడ ఎవరూ లేరు.

కేకలక్క ఆ ఖాళీ చోటు కేసే చూస్తూ నిలబడిపోయింది. ముసలావిడ ఆమె చెయ్యి పట్టుకుని పక్కకు లాగింది.

"తప్పుకోవే, వాకిట్లో అడ్డంగా నిలబడ్డావ్."

ఇద్దరూ తలుపుకు చెరో పక్కకు జరిగారు. లోపల్నుంచి పిల్ల, కంబళ్లలోంచి తల పైకెత్తి, "తలుపు వెయ్యమ్మా, చలేస్తోంది. ఎవరొచ్చారు?" అంది.

"మీ నాన్న" అంది ముసలావిడ. "కాస్త జరిగి, పొయ్యి దగ్గర చోటివ్వు."